ఆకు పోలిక కుదిరితే జాతి తేలినట్టేనా?

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో అంటార్కిటికా ఆకు శిలాజాల మీద వచ్చిన వ్యాసం చదివాం. దక్షిణ ధ్రువానికి అంత దగ్గరలో ఒకప్పుడు ఆకురాల్చే పొదలు పెరిగాయన్న సంగతి తెలుగు పాఠకుల దాకా తెచ్చినందుకు ముందుగా అభినందనలు. అయితే అందులో ముఖ్యంగా మూడు పొరపాట్లు దొర్లాయి. రెండు చిన్నవి. మూడోది మాత్రం ఓపిగ్గా విప్పి చెప్పాల్సింది కాబట్టి ఈ ఉత్తరం కాస్త పొడుగైంది.

మొదటిది పేరు. శీర్షికలో 'దక్షిణ బీచ్' అని పెద్ద అక్షరాల్లో వేశారు. ఇంగ్లీషులో చెట్టుకూ సముద్రపొడ్డుకూ స్పెల్లింగులు వేరు, మన లిపిలోకి వచ్చేసరికి రెండూ ఒకటే. సగం మంది పాఠకులు రామకృష్ణా బీచ్ లాంటిదేదో అనుకుని పేజీ తిప్పేసి ఉంటారు. ఈ చెట్ల ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు నోథోఫాగస్, ఆ పేరే వాడితే గొడవ ఉండదు. యూరప్‌లోని అసలు బీచ్ చెట్టు ఫాగస్. దానిలా కనిపించే వేరే చెట్టు కాబట్టి 'నకిలీ ఫాగస్' అనే అర్థం వచ్చేలా పేరు పెట్టారు. పోలిక ఉన్న మొక్కకు మనం 'అడవి' అనో 'పిచ్చి' అనో ముందు తగిలించమూ, అలాగే. ఇప్పుడు వీటికి నోథోఫాగేసి అని సొంత కుటుంబమే ఉంది. చిలీ, అర్జెంటీనా, న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, న్యూగినీ, న్యూకాలెడోనియాల్లో నలభైకి పైగా జాతులు బతికున్నాయి.

రెండోది, అంటార్కిటికాలోని బియర్డ్‌మోర్ హిమనది దగ్గర దొరికిన రెండు వేర్వేరు కాలాల ఆకుల్ని ఒకే గాటన కట్టేశారు. 1912 ఫిబ్రవరిలో ధ్రువం నుంచి తిరిగొస్తూ కెప్టెన్ స్కాట్ బృందం ఆ హిమనది ఎగువన మౌంట్ బక్లీ దగ్గర రాళ్లు ఏరింది. సుమారు 16 కిలోలు. ఆకలితో, మంచు దెబ్బతో నడవలేని స్థితిలోనూ వాటిని బండి మీంచి దించలేదు. వాటిలోని ఆకుల్ని 1914లో శిలాజ వృక్షశాస్త్రవేత్త సీవార్డ్ గ్లోసాప్టెరిస్ ఇండికా అని గుర్తించాడు. పేరులో మన దేశం ఉంది చూడండి. గోదావరి లోయలో సింగరేణి బొగ్గు ఏ కాలపు అడవుల నుంచి తయారైందో ఆ పెర్మియన్ కాలపు ఆకు అది, వయసు పాతిక కోట్ల ఏళ్ల పైమాటే. మీ వ్యాసం చెబుతున్నది మాత్రం నోథోఫాగస్ బియర్డ్‌మోరెన్సిస్ గురించి. దీన్ని 1996లో రాబర్ట్ హిల్, డేవిడ్ హార్వుడ్, పీటర్ వెబ్ వర్ణించారు. ఇది దొరికింది అదే హిమనది ప్రాంతంలో, ఆలివర్ బ్లఫ్స్ అనే చోట, సిరియస్ గ్రూప్ అనే హిమనది అవక్షేపాల మధ్య. దీని వయసు గ్లోసాప్టెరిస్‌లో పదో వంతు కూడా ఉండదు. ఈ రెంటినీ విడదీయడానికి మైక్రోస్కోప్ కూడా అక్కర్లేదు. గ్లోసాప్టెరిస్ ఆకు నాలుకలా ఉంటుంది, అంచు నున్నగా ఉంటుంది, నడిమి ఈనె నుంచి బయల్దేరిన సన్న ఈనెలు ఒకదానితో ఒకటి కలుస్తూ చేపల వలలా అల్లుకుంటాయి. నోథోఫాగస్ ఆకులో పక్క ఈనెలు సమాంతరంగా, తిన్నగా అంచు వైపు నడుస్తాయి.

పనిలో పనిగా ఇంకో మాట. 'ఒకప్పుడు మన తెలంగాణ కొండల్లోనూ ఈ చెట్లు ఉండి ఉండొచ్చు' అన్న వాక్యం తీసేయాల్సిందే. గోండ్వానా అన్న పేరు గోండుల నేల నుంచి వచ్చిన మాట నిజం. కానీ భారత భూభాగం అంటార్కిటికా నుంచి తెగి బయల్దేరింది సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట. నోథోఫాగస్ పుప్పొడి మొదటిసారి కనిపించేది సుమారు 8 కోట్ల ఏళ్ల నాటి చివరి క్రెటేషియస్ పొరల్లో. చెట్టు పుట్టేనాటికి మన పడవ రేవు దాటి చాలా దూరం వచ్చేసింది.

ఇక అసలు విషయం. 'శిలాజంలోని ఆకు నేటి చెట్టు ఆకుతో అచ్చం పోలి ఉండటంతో జాతిని గుర్తించారు' అని రాశారు, పాఠకులు కూడా ఫోన్ యాప్‌తో ప్రయత్నించవచ్చని సలహా ఇచ్చారు. పని నడిచేది దాదాపు దీనికి తలకిందులుగా. అంతరించిన జాతిని పోలికతో తేల్చరు, తేడాతో తేలుస్తారు. పోలిక మిమ్మల్ని కుటుంబం గుమ్మం దాకా తీసుకెళ్తుంది, అంతే. ఆ ఇంట్లో బతికున్న వాళ్లందర్నీ వరసగా నిలబెట్టి, ఇతను వీళ్లలో ఎవరూ కాదు అని చూపించగలిగినప్పుడే కొత్త పేరు పెట్టే హక్కు వస్తుంది. యాప్‌కు నేర్పింది బతికున్న చెట్ల ఫొటోలతో. అంతరించిన ఆకును చూపించినా బతికున్న చెట్టు పేరే చెబుతుంది, 'ఇది నాకు తెలిసిన వాటిలో లేదు' అనడం దానికి అంతగా రాదు.

మొదటి జాగ్రత్త రాతి దగ్గరే మొదలవుతుంది. పొర వెంట చీల్చినప్పుడు ఆకు రెండు ముక్కల మీదా పడుతుంది, ఒక దాని మీద అచ్చు, రెండో దాని మీద దానికి ఎదురచ్చు. రెండూ ఉంచుకోవాలి, ఒకే నంబరు వేసి 'ఎ', 'బి' అని రాయాలి. బాగున్న ముక్క తీసుకుని రెండోది పారేస్తే ఈనె ఉబ్బుగా ఉన్నది ఆకు అడుగు వైపా, పై వైపు ఎదురచ్చా అనేది తర్వాత తేలదు. తడి బంకమట్టి రాయిని ఎండలో పెట్టకూడదు. రాయి ఆరి ముడుచుకుంటుంటే దాని మీది నల్లటి ఆకు పొర అప్పడంలా లేచి రాలిపోతుంది. న్యూస్‌పేపర్లో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో కట్టి, నీడలో నెమ్మదిగా ఆరనివ్వాలి. మెరుస్తుందని వార్నిష్ పూయడం ఇంకా పెద్ద తప్పు. ఆ పూత కిందికి రసాయనాలు దిగవు, తర్వాత చేయాల్సిన అవభాసిని (ఆకు మీది మైనపు పొర) పరీక్షకు దారి మూసుకుపోతుంది.

ఒక్క ఆకుతో ఏదీ తేలదు. ఒకే చెట్టు మీద ఎండ తగిలే పై కొమ్మ ఆకు చిన్నగా మందంగా, నీడ కొమ్మ ఆకు పెద్దగా పల్చగా ఉంటుంది. మొదలు దగ్గర వేసిన కొత్త చిగురు ఆకు మూడో రకంగా ఉంటుంది. మన వేపచెట్టు కిందే నాలుగు రెబ్బలు ఏరి చూస్తే సంగతి అర్థమవుతుంది. అందుకే శిలాజాల వైపు నుంచి వీలైనన్ని, పోల్చడానికి తెచ్చే బతికున్న జాతుల వైపు నుంచి జాతికి కనీసం ముప్ఫై ఆకులైనా ఉండాలి, అవీ వేర్వేరు చెట్ల నుంచి, వేర్వేరు ఎత్తుల నుంచి. హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల భండారం) షీటు మీద అతికించిన అందమైన కొమ్మ ఒక్కటి చాలదు. కోసినవాళ్లు సాధారణంగా పూలో కాయలో ఉన్న పై కొమ్మనే కోస్తారు, చెరువు అడుక్కి చేరి శిలాజమయ్యేవి మాత్రం అన్ని రకాల ఆకులూ.

ఇప్పుడు ఆకు చదవడం. పొడవు, వెడల్పు, పక్క ఈనెల జతలు, నడిమి ఈనెతో అవి చేసే కోణం లాంటివి ఎవరైనా కొలుస్తారు. అసలు గుట్టు అంచు దగ్గర ఉంటుంది. మామిడాకును వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. పక్క ఈనెలు అంచు దాకా వెళ్లకుండా కాస్త ముందే వంపు తిరిగి పై ఈనెను కలుస్తాయి. పళ్లున్న నోథోఫాగస్ ఆకుల్లో అలా కాదు, ఈనె నేరుగా అంచును తాకుతుంది. అక్కడ అడగాల్సిన ప్రశ్న: తాకింది పంటి మొననా, రెండు పళ్ల మధ్య నొక్కునా? ఒక ఈనెకు ఒక పన్నా, రెండా, లెక్క లేకుండానా? దక్షిణ అమెరికాలో లెంగా, ఞిరె అని రెండు జాతులు పక్కపక్కనే పెరుగుతాయి. లెంగా ఆకులో ఈనెకీ ఈనెకీ మధ్య సరిగ్గా రెండేసి గుండ్రటి పళ్లు వరసగా ఉంటాయి. ఞిరెలో ఆ వరస ఉండదు, అంచు గజిబిజిగా ఉంటుంది. సైజు చూసి తికమకపడేవాళ్లు ఈ లెక్కతో విడదీస్తారు. న్యూజిలాండ్‌లో సిల్వర్ బీచ్ అని పిలిచే నోథోఫాగస్ ఆకును తిరగేస్తే అడుగున, మొదటి ఈనెల చంకల్లో, వెంట్రుకల అంచున్న చిన్న గుంటలు కనిపిస్తాయి. దాని దగ్గరి చుట్టమైన టాస్మేనియా మిర్టిల్ బీచ్‌లో అవి ఉండవు. శిలాజంలో ఆ చోట చిన్న బొడిపె కనిపిస్తే రాతి రేణువని గీకేయకుండా ఆగాలి. న్యూజిలాండ్‌లోనే పళ్లు అసలు లేని జాతులూ ఉన్నాయి, కాబట్టి నున్నటి అంచు చూసి వెంటనే కొట్టేయకూడదు. ఆకు మొదలు నడిమి ఈనెకు రెండు వైపులా సమానంగా లేకపోవడం ఈ కుటుంబంలో తరచు కనిపిస్తుంది. కానీ దాని మీదే ఆధారపడితే ఎల్మ్ కుటుంబం ఆకులు మోసం చేస్తాయి, వాటి మొదలూ వంకరే, అంచూ రంపమే.

మోసం చేసేవి ఇంకా ఉన్నాయి. నీళ్లలో నానిన ఆకు అంచు చీకిపోయి పళ్లు రాలితే నున్నటి అంచు ఆకులా కనిపిస్తుంది. ఈనె చివర సన్నబడి అంచులో ముగిసిందా, మధ్యలో తెగినట్టు మొండిగా ఆగిందా అని చూస్తే ఇది పట్టుబడుతుంది. రాయి ఒత్తిడికి ఒక పక్కకు సాగితే ఆకు కూడా సాగి, ఒక వైపు ఈనెల కోణం పెద్దదిగా, రెండో వైపు చిన్నదిగా వస్తుంది. అదే పలక మీద వేరే దిక్కుకు తిరిగి పడిన ఆకుల్ని కొలిస్తే సాగింది రాయా, ఆకు స్వభావమే అంతా అనేది తెలుస్తుంది.

బియర్డ్‌మోర్ ఆకుల విషయంలో ముఖ్యమైన సాక్ష్యం మడత. కొన్ని నోథోఫాగస్ జాతుల్లో మొగ్గలో ఉన్నప్పుడు ఆకు, చీర కుచ్చిళ్లు పెట్టినట్టు, ఈనెల వెంట మడిచి ఉంటుంది. విప్పారాక కూడా ఆ మడతల గీతలు పూర్తిగా పోవు. బతికున్న వాటిలో ఈ కుచ్చిళ్ల అమరిక ఉన్నవి ఆకురాల్చే జాతులు. అందుకే శిలాజంలో మడత గుర్తు కనిపిస్తే ఆకురాల్చేదని అనుమానిస్తారు. దానికి తోడు ఒకే పొరలో ఆకులు చాపలా పరుచుకుని, తొడిమలతో సహా తెగిపడి ఉంటే అనుమానం బలపడుతుంది. చాప ఒక్కటే ఉంటే చాలదు, ఒక్క గాలివాన పచ్చటి చెట్టు ఆకుల్ని కూడా అలాగే రాలుస్తుంది. ఇక్కడ కొలతలోనూ ఒక ఉచ్చు ఉంది. మడతలు మూసుకున్న స్థితిలో అణిగిన ఆకును ఉన్నదున్నట్టు కొలిస్తే వెడల్పు తక్కువ వస్తుంది, ఈనెలు ఉన్నదానికన్నా దగ్గరగా కనిపిస్తాయి. ఒకే జాతిని రెండు జాతులుగా లెక్కగట్టే తప్పు ఇలాంటి చోటే జరుగుతుంది.

మడత కనిపించింది కదా అని ఉపప్రజాతి కూడా తేల్చేయలేం. ప్రజాతిని సంప్రదాయంగా నాలుగు ఉపప్రజాతులుగా విడదీస్తారు, 2013లో ఈ నాలుగింటినీ వేర్వేరు ప్రజాతులు చేయాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది. ఆకురాల్చే జాతులు వాటిలో మూడింట్లో ఉన్నాయి. లెంగా ఒక దానిలో, టాస్మేనియాలో మాత్రమే పెరిగే గన్నియై మరోదానిలో, చిలీలోని రావులీ ఇంకోదానిలో. న్యూగినీ, న్యూకాలెడోనియాల్లో ఉండే నాలుగో గుంపు పూర్తిగా పచ్చటి చెట్లది. అంటే ఆకు రాల్చడం వంశగుర్తు కాదు. చలిదేశంలో ఎవరికి వారు నేర్చుకున్న లేదా పోగొట్టుకున్న అలవాటు. ఈ చోట పుప్పొడి సాయపడుతుంది. నోథోఫాగస్ పుప్పొడి రేణువు నడుము చుట్టూ చిన్న చిన్న గాట్లతో, ఒళ్లంతా సన్న ముళ్లతో ఉంటుంది, చూడగానే గుర్తుపట్టొచ్చు. బ్రాసియై, ఫుస్కా, మెంజీసియై అని దానిలో రకాలున్నాయి. కాకపోతే పుప్పొడి గుంపు చెప్పి ఊరుకుంటుంది, జాతి చెప్పదు. పైగా గాలికి ఎగిరొచ్చేది, పాత పొరల నుంచి కొట్టుకొచ్చేది కూడా అదే. ఆకు అంత దూరం ప్రయాణించదు, చెట్టు ఆ దగ్గర్లోనే ఉందని చెబుతుంది.

అవభాసిని మిగిలిన రాళ్లలో పరీక్ష ఇంకా లోతుకు పోతుంది. ఆకు మీది ఆ మైనపు పొర కోట్ల ఏళ్లయినా చెడకుండా ఉండగలదు, దాని మీద కింది కణాల గోడలన్నీ అచ్చుపడి ఉంటాయి. నడిమి ఈనెకూ అంచుకూ మధ్య నుంచి 3, 4 మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. సున్నం ఉంటే ముందు 10 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్, మట్టి, ఇసుక వదలడానికి ప్లాస్టిక్ గిన్నెలో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్. ఈ రెండోది కళాశాల బెంచీ మీద చేసే పని కాదు. చర్మం మీద చుక్క పడితే మొదట నొప్పి కూడా తెలియకుండా ఎముక దాకా దిగుతుంది. ఆవిరిని లాగేసే ప్రత్యేక హుడ్, తగిన గ్లవ్స్, చేతికందేలా కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేకుండా సీసా మూత తీయకూడదు. బాగా కడిగాక 10 శాతం క్రోమియం ట్రయాక్సైడ్ ద్రావణంలో వేస్తారు. అది నల్లటి బొగ్గు పదార్థాన్ని కరిగించి పొరను మిగులుస్తుంది. ఎంతసేపు అంటే గడియారం చూసి చెప్పలేం, ముక్క చూసి చెప్పాలి. నలుపు పోయి తేనె రంగుకు రాగానే తీయాలి. ఒక రాత్రి అశ్రద్ధ చేస్తే పొద్దున గిన్నెలో ద్రావణం తప్ప ఏమీ ఉండదు. తొందరపడి ముందే తీస్తే పై పొర, అడుగు పొర అతుక్కుపోయి, మైక్రోస్కోప్‌లో రెండు చిత్రాలు ఒకదాని మీద ఒకటి పడి ఏది ఏదో తెలియదు. తర్వాత నీళ్లలో కడిగి, రెండు మూడు చుక్కల పల్చటి అమోనియా వేస్తే మిగిలిన గోధుమరంగు వదులుతుంది. అమోనియా ఎక్కువైతే పొర ఉబ్బి చిరుగుతుంది. సన్న బ్రష్షుతో రెండు పొరలూ విడదీసి, సాఫ్రనిన్‌తో రంగు వేసి, గ్లిజరిన్ జెల్లీలో స్లైడు కడతారు. ఒక ముక్కను రంగు వేయకుండా ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కోసం దాచుకోవాలి, లోపలి వైపు పైకి వచ్చేలా.

అక్కడ చూసేది పత్రరంధ్రాల సంఖ్య కాదు, ఎందుకంటే అది ఎండ ఆకుకూ నీడ ఆకుకూ మారిపోతుంది. రంధ్రం చుట్టూ కణాలు ఎలా అమరాయి, వెంట్రుక ఊడిన చోట మచ్చ ఒక కణానిదా, కొన్ని కణాల గుంపుదా, గ్రంథి కేశాలు ఈనెల మీదే ఉన్నాయా, మధ్యలోనూ ఉన్నాయా, కణాల గోడలు తిన్నగా ఉన్నాయా, అల అలలుగా ఉన్నాయా అనేవి చూడాలి. బయటి ఆకారంలో కవలల్లా ఉన్న రెండు ఆకుల్ని విడదీసేది చాలాసార్లు ఈ మచ్చలే. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఎటింగ్స్‌హౌసెన్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త ఆస్ట్రేలియా ఆకు శిలాజాల్ని ఆకారం చూసి యూరప్ చెట్ల పేర్లలోకి సర్దేశాడు. ఓక్, ఫాగస్ లాంటి పేర్లన్నీ అక్కడ కనిపించాయి. వంద ఏళ్ల తర్వాత అవే ఆకుల్ని మళ్లీ తీసి ఈనెలు, అవభాసిని చూస్తూ సరిదిద్దాల్సి వచ్చింది.

ఇదంతా అయ్యాక పేరు. ఒక నమూనాను హోలోటైప్‌గా, అంటే ఆ పేరుకు ప్రామాణికంగా, ఎంచి, ఫలానా మ్యూజియంలో ఫలానా నంబరుతో ఉందని రాసి, బొమ్మతో, తేడాల వివరంతో ప్రచురించాలి. 1996 జనవరి 1 నుంచి శిలాజ మొక్కల కొత్త పేర్లకు ఆ వర్ణన లాటిన్‌లో గానీ ఇంగ్లీషులో గానీ ఉండాలని నియమం. తెలుగులో ఎంత చక్కగా వర్ణించినా ఆ పేరు చెల్లదు, ఏం చేస్తాం.

బియర్డ్‌మోర్ ఆకుల వయసును మీ వ్యాసం 30 లక్షల ఏళ్లని ఖాయంగా చెప్పేసింది. 1996 నాటి వర్ణనలో ప్లయోసీన్ అనే, అంటే దాదాపు ఆ కాలమనే ఉంది. కానీ ఆ తేదీకి ఆధారమైన సూక్ష్మ సముద్రజీవుల పెంకులు అక్కడివేనా, గాలికి కొట్టుకొచ్చాయా అన్న వాదన చాలాకాలంగా నడుస్తోంది. పొరలు మయోసీన్ కాలానివి, అంటే కోటి ఏళ్లకు పైబడినవి కావచ్చన్న వాళ్లూ ఉన్నారు. వయసు మారినా ఆకు గుర్తింపు మారదు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబులు వెతికే చోట్లు వేరు.

చివరగా ఒక మనవి. సవరణ వేస్తే ఆ ఫొటో కూడా మళ్లీ వేయండి. ఈసారి ఆకు అంచు కత్తిరించకుండా, వెలుతురు ఎడమ పై మూల నుంచి ఏటవాలుగా పడేలా తీసిన ఫొటో దొరుకుతుందేమో చూడండి, అప్పుడే ఈనెల గట్లు నీడ పడి కనిపిస్తాయి. పక్కన రూపాయి బిళ్ల పెట్టిన ఫొటోలు మాత్రం వద్దు. రూపాయి బిళ్ల సైజు మన కళ్ల ముందే రెండు మూడు సార్లు తగ్గింది. ఒక సెంటీమీటరు గీత చాలు.

ఇట్లు,
శిలాజ వృక్షశాస్త్రం బోధించే ఇద్దరు పాఠకులు,
హైదరాబాద్